ఒక్క షీటు, రెండు తలుపులు

ఆ రోజు పొద్దున టీ గ్లాసుతో గదిలోకి వెళ్లేసరికి మామగారి కుడిచెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. కొన్నేళ్లుగా వణుకుతూనే ఉన్న చెయ్యి అది. నిద్రలో మాత్రం ఆగిపోయేది. అందుకే ఇంకా నిద్రపోతున్నారనుకుని, గ్లాసు స్టూలు మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వచ్చేశాను. పప్పు కడిగి పొయ్యి మీద పడేశాను. రెండోసారి వెళ్లేసరికి టీ మీద మీగడ కట్టి ఉంది. చెయ్యి అలాగే ఉంది. దగ్గరికెళ్లి పిలిచాను. అప్పుడు తెలిసింది.

మావారు లోకో పైలట్. ఆ వేళ గూడ్సు బండి మీద రాయగఢ్ వైపు వెళ్లి ఉన్నారు. బండి నడిపేటప్పుడు ఫోను ఆపేసి ఉంచాలి కాబట్టి డ్యూటీలు వేసే లాబీ ఆఫీసుకు కబురు చెప్పి, వాళ్ల ద్వారా తెలియజేయాల్సి వచ్చింది. ఎక్కడో ఒక స్టేషన్లో ఆయన్ని దింపి, వేరే మనిషిని ఎక్కించి, వచ్చే బండిలో వెనక్కి పంపారు. ఆయన వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. అంతసేపూ మా తార్‌బహార్ సందులో వాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. నేను మామగారి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. బతికుండగా ఆయన ఎదురుగా అంతసేపు కూర్చున్నది చాలా తక్కువ. ఆ తక్కువ గురించే ఇక్కడ రాస్తున్నాను.

మామగారు ఈ హిందీ ఊళ్లో రైలు కోచ్‌ల షెడ్డులో కార్పెంటరు. వాళ్ల నాన్న పలాస వైపు నుంచి రైలు పట్టాల గ్యాంగు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మామగారు పుట్టిందీ పెరిగిందీ రైల్వే క్వార్టర్లలోనే. బోగీలకు చెక్క కిటికీలు, చెక్క బెర్తులు ఉన్న రోజుల్లో ఆయనకు తలెత్తే తీరిక ఉండేది కాదట. బండ్లలో చెక్క తగ్గిపోయాక షెడ్డులో ఆయన పనీ తగ్గింది. రిటైరయ్యాక ఈ రెండు గదుల ఇల్లు తీసుకుని, ముందు వరండాలో పని పెట్టుకున్నారు. దగ్గర్లోని సీపత్ టౌన్‌షిప్‌లో ఎన్నో ఇళ్లకు వంటింటి అరలు, అల్మారాలు చేసి పెట్టారు.

నాది శ్రీకాకుళం జిల్లా. పెళ్లై వచ్చిన కొత్తలో నాకు హిందీ రాదు, మామగారితో మాట్లాడే ధైర్యం లేదు. మా మాటలన్నీ అత్తయ్యే మోసేది. చారులో ఉప్పు చాలలేదన్నా, ఆదివారం టిఫినేమిటన్నా, ఆయన అత్తయ్యకు చెప్పాలి, అత్తయ్య నాకు చెప్పాలి. నేను లోపలి గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. వరండాలో ఆయన రంపం. లోపలొక చప్పుడు, బయటొక చప్పుడు, మధ్యలో అత్తయ్య అటూ ఇటూ తిరుగుతూ ఉండేది.

అత్తయ్య పొట్టి మనిషి. ఇంట్లో ఉన్న ఇనప బీరువా పై అర ఆమెకు అందేది కాదు. తనకో చెక్క అల్మారా కావాలని, తన చెయ్యి అందేంత ఎత్తే ఉండాలని చాలాకాలం అడిగింది. చివరికి మామగారు ఆమెను వెంటబెట్టుకుని ప్లైవుడ్ కొట్టుకు తీసుకెళ్లారు. ప్లైవుడ్ మీద అసలు టేకు పొర అతికించిన షీట్లు అక్కడ వరసగా నిలబెట్టి ఉంటాయి. ఆమె అన్నీ చూసి ఒకటి ఎంచింది. దాని మీద చెక్క నార అడ్డంగా, మా ఊరి అర్పా నది ఎండిపోయినప్పుడు ఇసకలో మిగిలే చారల్లా ఉంటుంది. ఒక తలుపు మీద మొదలైన చార ఆగకుండా రెండో తలుపు మీదకు పోవాలని అడిగిందట. మామగారు సరే అన్నారు. షీటు తెచ్చి, పాత దుప్పటి చుట్టి, మంచం వెనక గోడకు ఆనించారు. సీపత్‌లో చేతిలో ఉన్న పని అయ్యాక చేద్దామన్నారు. ఆ పని అయ్యాక మరొకటి వచ్చింది. ఆ వానాకాలం అత్తయ్యకు జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్లిన మనిషి తిరిగి రాలేదు.

ఏడాది తిరక్కుండానే మామగారి కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు బొటనవేలు, తర్వాత చెయ్యి మొత్తం. నడక చిన్న చిన్న అడుగులైంది. డాక్టరు మందులిచ్చి, ఇది తగ్గే జబ్బు కాదని, నెమ్మది చేసుకోవడమేనని చెప్పాడు. అయినా ఆయన పని మానలేదు. మూడు వేళ్లతో పట్టుకునే పనిముట్టును గుప్పిటతో పట్టుకుని చేసేవారు.

ఒకరోజు మధ్యాహ్నం వరండాలో కరెంటు రంపం నడుస్తుండగా దాని వైరు ఆయన కాలికి చుట్టుకుంది. కాలెత్తి తీసుకోలేకపోయారు. అలాగే పక్కకు పడిపోయారు. రంపం తిరుగుతూనే నేల మీద పడి, ఆయన పంట్లాం అంచు చీల్చి ఆగింది. చర్మానికి తగల్లేదు. ఆ రోజు మావారు ఇంట్లోనే ఉన్నారు. పరుగెత్తుకెళ్లి ప్లగ్గు పీకారు. తండ్రిని లేపి కూర్చోబెట్టి, పంట్లాం చిరుగు చూసి లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు ఆ రంపాన్ని గతౌరాలో తెలిసిన కాంట్రాక్టరుకు ఇచ్చేసి వచ్చారు. చిన్న పనిముట్లు కూడా అతనికే పోయాయి.

రంపం ఏమైందని మామగారు అడగలేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు. భోజనానికి పిలిస్తే వచ్చేవారు, తినేవారు, వెళ్లిపోయేవారు. కొడుకుతో మాటలు మందులకూ కరెంటు బిల్లుకూ మాత్రమే మిగిలాయి. అవి కూడా నా ద్వారానే. అత్తయ్య మోసిన బరువు ఎంతో నాకప్పుడు తెలిసింది.

అలా ఎన్నాళ్లు గడిచాయో చెప్పలేను. ఒక సాయంత్రం గడప దగ్గర వెలుతురు బాగుంటుందని చారల గుడ్డ ఒకటి పరుచుకుని కత్తిరిస్తున్నాను. కుర్చీలోంచి ఆయన గొంతు వినిపించింది.

"బుజం కాడ చారలు కలవట్లేదమ్మా."

నేను తలెత్తాను. ఆయన నాతో నేరుగా మాట్లాడడం అరుదు, అందులోనూ అడక్కుండా. చూస్తే నిజమే. గుడ్డ ఒక వేలు జరిపి పరిచాను. ఊరుకోలేక, చెక్క మీద చారలు కూడా ఇలాగే కలుపుతారా అని అడిగాను.

"గుడ్డయితే విప్పి కుట్టుకోవచ్చు. సెక్క కోసినాక ఇంక అంతే," అన్నారు. మళ్లీ తనే, "మీ అత్త సెక్క అలాగుండిపోయింది," అన్నారు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు ఆయనకు టీ ఇస్తూ, నేను కోస్తే ఎలా ఉంటుందని అడిగేశాను. నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన నవ్వలేదు. నా చేతులకేసి చూశారు. గుడ్డ కత్తిరించే చెయ్యి వణకదు గాని చెక్క దగ్గర భయపడుతుందని, ఆ భయం పోవాలంటే ముందు పనికిరాని చెక్క బోలెడు కొయ్యాలని చెప్పారు. తర్వాత ఆయనే, సీపత్‌లో కొత్తగా వచ్చిన పనివాళ్ల దగ్గర ఒక బ్యాటరీ రంపం చూశానన్నారు. దానికి వైరు ఉండదు, కాలికి చుట్టుకునేది ఏమీ లేదు. పొడవాటి అల్యూమినియం పట్టీ ఒకటి చెక్క మీద పరిచి, దాని గాడిలో రంపాన్ని నడిపిస్తారు. దాన్ని గైడ్ రైల్ అంటారు. పట్టీ తిన్నగా ఉంటే కోత తిన్నగా వస్తుంది.

కుట్టుపని డబ్బుతో రాయపూర్ నుంచి రెండూ తెప్పించాను. డ్యూటీ నుంచి వచ్చిన మావారు ఆ పెట్టె చూసి, వాపస్ పంపమన్నారు. మామగారు ముట్టుకోరని, నేనే కోస్తానని చెప్పాను. మావారికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

"నాను బండి మీదుంటాను. ఫోన్ భీ బంద్ ఉంటాది. నాన్నకేటైనా అయితే నాకు తెలిసే సరికి అంతా అయిపోయుంటాది," అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. కాని పెట్టె వెనక్కి పంపలేదు. ఆయన కూడా మళ్లీ అడగలేదు.

మా చదువు అలా మొదలైంది. మామగారు కుర్చీలో, నేను నేల మీద. పక్కింట్లో పారేసిన పాత మంచం తలపలక, కొట్టువాళ్లిచ్చిన ప్లైవుడ్ ముక్కలు మా పలకలు. ముక్కుకు గుడ్డ కట్టుకోనిదే రంపం పట్టనిచ్చేవారు కాదు. షెడ్డులో పొట్టు పీల్చిన వాళ్ల దగ్గు తనకు తెలుసనేవారు.

మొదట్లో నేను కోసిన ప్రతి అంచూ ఎలుక కొరికినట్టు వచ్చేది. టేకు పొర కాగితమంత పలచన. నారకు అడ్డంగా కోసేటప్పుడు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. ఎందుకలా అవుతోందో ఆయన చెప్పలేదు. చెడిన ముక్కను నా చేతికిచ్చి, ఏ వైపు పాడయిందో చూడమన్నారు. పైవైపు మాత్రమే పాడయింది, కిందివైపు శుభ్రంగా ఉంది. రంపం పళ్లు కిందనుంచి పైకి వస్తాయని, పైపొరను ఎత్తుకుపోతాయని అప్పుడు అర్థమైంది. గైడ్ రైల్ అంచున సన్నని రబ్బరు బద్ద ఒకటి ఉంటుంది. గీత మీద దాన్ని సరిగ్గా ఆనిస్తే అది పొరను నొక్కి పట్టుకుంటుంది. మనకు కావలసిన ముక్క ఎప్పుడూ పట్టీ కింద ఉండాలి, పారేసేది బయట ఉండాలి. ఎక్కువ పళ్లున్న బ్లేడు వాడాలి. చెక్క కింద థర్మోకోల్ పలక పరిస్తే కోసిన ముక్క వేలాడకుండా, చీలకుండా ఉంటుంది. నిండా ఛార్జి లేని బ్యాటరీతో మొదలుపెట్టకూడదు. బ్లేడు నెమ్మదిస్తే పొర మాడిపోతుంది. ఇవన్నీ ఒక్కో చెడిన ముక్కకు ఒక్కొక్కటిగా నేర్చుకున్నాను.

నేను మధ్యలో ఆపేయడం చూసి ఆయన ఒక మాట అనేవారు. "కొయ్యకముందు ఎంతసేపైనా ఆగు. కోత్తా కోత్తా ఆగకు." జాకెట్లు కుట్టేటప్పుడు కూడా ఇప్పుడు నాకు అదే వినిపిస్తుంది. ఇంకోటి, కోత బాగా వచ్చినప్పుడు ఎప్పుడూ బాగుందని అనలేదు. "అచ్ఛా, ఇంకోటెయ్యి," అనేవారు. అంతకుమించి మెప్పు ఆయన దగ్గర లేదు.

వాన వెలిశాక ఒక ఉదయం ఆయనే మంచం వెనక నుంచి దుప్పటి లాగారు. షీటు చెక్కుచెదరలేదు. వరండాలో థర్మోకోల్ మీద పరిచాం. ఆయన చాలాసేపు దాని చుట్టూ తిరిగారు. చిన్న చిన్న అడుగులతో ఒక చుట్టు తిరగడానికే ఎంతో సమయం పట్టింది. గీత తనే గీస్తానని పెన్సిలు తీసుకున్నారు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు గట్టిగా పట్టుకుని వంగారు. పెన్సిలు మొన చెక్కకు ఒక అంగుళం పైన అలా కొట్టుకుంటూనే ఉంది. దించలేదు. దించితే టేకు మీద గీతలు పడతాయని ఆయనకు తెలుసు. కొంతసేపటికి పెన్సిలు నా ముందు నేల మీద పెట్టి కుర్చీలోకి వెళ్లి కూర్చున్నారు.

గీత నేనే గీశాను. ఈ కోతలో ఒక చిక్కుంది. చార ఒక తలుపు నుంచి రెండో తలుపుకు పోవాలంటే రెండూ పక్కపక్కనే, ఒకే గీత మీద కొయ్యాలి. అంటే గీతకు ఇటు ముక్కా కావాలి, అటు ముక్కా కావాలి. పట్టీ ఒకవైపే కాస్తుంది. రెండో వైపుకు ఆయన చెప్పినట్టు కాగితం టేపు అతికించి, గీత వెంబడి పదునైన చాకుతో పైపొర తెగేదాకా గాటు పెట్టాను. మొదట రంపాన్ని పైపైన, గోరు మందం లోతుకు మాత్రమే నడిపించాను. తర్వాత లోతు పెంచి అసలు కోతకు సిద్ధమయ్యాను. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాక చెక్కకు తాకించి, ఆపకుండా, తొయ్యకుండా నడిపించుకుంటూ వెళ్లాను.

టేపు ఒలిచి చూస్తే గీత పొడవునా రెండు అంచులూ బ్లేడుతో కోసిన కాగితంలా ఉన్నాయి. ఒక్క చివర తప్ప. రంపం బయటికొచ్చే చోట, అవతలి తలుపు మూల, గోరంత పెచ్చు లేచిపోయింది.

ఆయన వచ్చి వంగి చూశారు. మోకాళ్ల మీదికి దిగి, పొట్టులో వెతకడం మొదలుపెట్టారు. నేనూ దిగాను. ఇద్దరం నేల మీద పాకుతూ, పొట్టు వేళ్లతో జల్లిస్తూ వెతికాం. దొరికింది నాకే. ఆ పెచ్చును అరచేతిలో పెట్టి చూపించాను. జిగురు పెట్టి, తిరిగి దాని చోట్లో అద్ది, టేపు వేసి నొక్కి ఉంచమన్నారు. అలాగే చేశాను.

తిరిగి చూస్తే ఆయన ఇంకా మోకాళ్ల మీదే ఉన్నారు. లేవడానికి చూస్తున్నారు గాని కాళ్లు మాట వినడం లేదు. ఈ జబ్బులో అలా మనిషి ఉన్నచోటే బిగుసుకుపోతాడు. పండగలకు కాళ్లకు దండం పెట్టడం తప్ప నేను ఆయన్ని ఎప్పుడూ తాకలేదు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. చంకల కింద చేతులు పెట్టి లేపాను. అంత బక్కపలచగా అయిపోయారని బట్టల మీద తెలిసేది కాదు. గుప్పెడు మనిషి. నా భుజం మీద ఆయన గడ్డం ఆనింది. ఒకటి రెండు క్షణాలు అలాగే ఉండి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ రోజంతా ఆయన నావైపు చూడలేదు. సాయంత్రం టీ గ్లాసు అందుకుంటూ మాత్రం, "ఏటీ అనుకోకమ్మా," అన్నారు. తలూపి వచ్చేశాను.

అతికించిన పెచ్చు తెలిసినవాళ్లకు తెలుస్తుంది. మళ్లీ సరిచేద్దామా అని అడిగితే వద్దన్నారు. "మీ అత్తకి తెలిసీది కాదు. నాకు తెలుత్తాది. ఉండనీ," అన్నారు.

ఆయన చెప్పినట్టే మామూలు ప్లైవుడ్‌తో అల్మారా పెట్టె కట్టాను. తలుపులు బిగించిన రోజు మావారు డ్యూటీలో ఉన్నారు. మర్నాడు వచ్చి అల్మారా ముందు నిలబడ్డారు. తలుపు తెరిచారు, మూశారు. "బాగా వచ్చింది," అని నాతో అన్నారు. మామగారు వరండాలో నాలుగడుగుల దూరంలో ఉన్నారు. ఆ మాట ఆయనకు వినిపించే ఉంటుంది. వాళ్లిద్దరిలో ఒకరు లేచి రెండోవాళ్ల దగ్గరికి వెళ్తారని నేను వంటింట్లో చేతిపని ఆపి మరీ ఎదురుచూశాను. ఎవరూ వెళ్లలేదు. మావారు స్నానానికి వెళ్లారు. మామగారు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

అల్మారాలో పెట్టడానికి అత్తయ్య చీరలు లేవు. పన్నెండో రోజే అన్నీ పంచేశాం. ఏం పెట్టమంటారని అడిగితే, "నీయే పెట్టుకో," అన్నారు. నాకు చెయ్యి రాలేదు. దుప్పట్లు, తువ్వాళ్లు సర్దాను. అత్తయ్య చేతి ఎత్తుకు కొలిచి చేసిన పై అర చాన్నాళ్లు ఖాళీగానే ఉంచాను.

ఆ తర్వాత ఆయన నన్ను ఇంకేమీ కొయ్యమనలేదు. నేనే ఒకటి రెండుసార్లు ముక్కలు పరిచి పిలిచాను. కుర్చీ దాకా వచ్చి కూర్చునేవారు గాని కళ్లు మూసుకుపోయేవి. చలికాలానికి ముద్ద మింగడం కష్టమైంది. అన్నం మెత్తగా పిసికి, చెంచాతో పెట్టేదాన్ని. మొదటి రోజు తల తిప్పుకున్నారు. రెండో రోజు నోరు తెరిచారు. మాట గుసగుసలా అయిపోయింది. అర్థం కాక మళ్లీ మళ్లీ అడిగితే, చాల్లే అన్నట్టు చెయ్యి ఊపేవారు. ఆ చెయ్యి ఊపడం ఏదో, వణకడం ఏదో విడదీసి చూడడం కూడా నేను నేర్చుకున్నాను. మావారు డ్యూటీ నుంచి వచ్చిన ప్రతిసారీ ముందు ఆ గదిలోకే తొంగిచూసేవారు. తండ్రి మంచం పక్కన నిలబడి, తిన్నారా, మందులు వేసుకున్నారా అని నన్నే అడిగేవారు. నేను జవాబు చెబుతుంటే ఆయన కళ్లు మాత్రం తండ్రి మీద ఉండేవి.

కొన్ని విషయాల్లో నేను అదృష్టవంతురాలిని. కోడలిగా వచ్చి ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషిని, చివరి రోజుల్లోనైనా గురువుగా ఎరిగాను. నాకు ఒక పని చేతికిచ్చి వెళ్లారు. కాని ఆయనకూ ఆయన కొడుకుకూ మధ్య మిగిలిపోయిన మాట ఒకటుంది. దాన్ని మోసుకెళ్లి అందించడం నా వల్ల కాలేదు. అలాంటి మాట మోసేది అత్తయ్య ఒక్కతే.

కర్మలన్నీ అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. మావారి సెలవు ఇంకా మిగిలి ఉంది. ఒక మధ్యాహ్నం నేను కూరగాయలకని బజారుకు వెళ్లి తిరిగొచ్చేసరికి వీధి తలుపు ఓరగా వేసి ఉంది. సంచితో గడప దాటబోతూ ఆగిపోయాను. లోపలి గదిలో మావారు అల్మారా ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూడలేదు. తలుపులు రెండూ మూసే ఉన్నాయి. అవి కలిసే చోట ఒక చార మీద చూపుడువేలు పెట్టి, ఇటు తలుపు నుంచి అటు తలుపుకు మెల్లగా తీసుకెళ్తున్నారు. ఆ చార అయిపోయాక దాని కింది చార, దాని తర్వాత ఇంకో చార. నేను వెనక్కి అడుగువేసి, సంచి చేత్తోనే పట్టుకుని, వరండాలో నిలబడ్డాను.